రెక్కలకు ముందు లెక్కలు

మా బడి మీదుగా రోజూ విమానాలు పోతుంటాయి. దేవనహళ్ళి విమానాశ్రయం 2008లో మొదలైనప్పటి నుంచి గౌరిబిదనూరు పిల్లలకు ఆ శబ్దం అలవాటే. పాఠం మధ్యలో వినిపించినా ఎవరూ కిటికీ వైపు తలతిప్పరు. ఒక్క అమ్మాయి మాత్రం తిప్పుతుంది. తొమ్మిదో తరగతి. తండ్రికి ఎకరన్నర మొక్కజొన్న చేను, రెండు ఆవులు. ఈ ఏడాది బడులు తెరిచిన కొత్తలో ఆ పిల్ల లేచి అడిగింది: "సార్, ఏరోప్లేను తోలడం నేర్చుకోవల్లంటే ఎంత దుడ్డు అయితాది?"

తరగతి నవ్వింది. దాచుకోవడం ఎందుకు, మేమూ నవ్వాము. "ముందు ఎస్.ఎస్.ఎల్.సి. పాసవమ్మా, తర్వాత చూద్దాం" అన్నాము. ఆ పిల్ల కూర్చుంది. సాయంత్రం స్టాఫ్‌రూములో మాలో ఒకరు ఆ మాట ఎత్తారు: "నిజంగా ఎంత అవుతుంది?" ఎవరికీ తెలియదు. డాక్టరు కావాలంటే నీట్, ఇంజనీరు కావాలంటే సి.ఇ.టి. అని గడగడా చెప్పే మేము ఈ ప్రశ్నకు నోరు మెదపలేకపోయాము. జవాబు తెలియకే నవ్వామని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత నాలుగు నెలలు అడిగి, చదివి, కనుక్కున్నది ఇక్కడ రాస్తున్నాము. మీ ఇంట్లోనో మీ బడిలోనో ఇలాంటి పిల్ల ఒకరుంటే పనికొస్తుందని.

ముందు పెద్ద అంకె

విమానం నడిపి జీతం తీసుకోవాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సి.పి.ఎల్., కావాలి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనల ప్రకారం అందుకు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఖర్చంతా ఆ గంటల్లోనే ఉంది. గంట ఎగిరితే ఇంధనం, ఇంజను నిర్వహణ, బోధకుడి జీతం, బీమా అన్నీ ఆ గంట మీదే పడతాయి. చిన్న శిక్షణ విమానాలు చాలావరకు ఏవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలుతో నడుస్తాయి; అది మన స్కూటర్ పెట్రోలు కాదు, చవకా కాదు.

గంటకు పదిహేను వేలనుకుని పిల్లలచేతే బోర్డు మీద గుణించాము. 200 గంటలకు 30 లక్షలు. దానికి హాస్టలు, పరీక్షలు, వైద్య పరీక్షలు కలపాలి. తర్వాత పెద్ద విమానం నడపడానికి ఆ రకం విమానం మీద విడిగా టైప్ రేటింగ్ శిక్షణ తీసుకోవాలి. దానికి మళ్ళీ లక్షలు. అన్నీ కలిపితే అరకోటికి అటూ ఇటూ. ఇది చెప్పకుండా ఆశ పెట్టడం పిల్లకు మేలు చేయడం కాదు.

కానీ అరకోటి ఒకేసారి, అందరికీ, ఒకే దారిలో కావాలనుకోవడం పొరపాటు. దారులు నాలుగైదు ఉన్నాయి. కొన్నింటికి దాదాపు ఖర్చే లేదు. ఏ దారిలోనైనా గడువు వయసు మీదే ఉంటుంది. డబ్బు ఆలస్యంగా వచ్చినా సర్దుకోవచ్చు, దాటిపోయిన వయసును వెనక్కి తేలేము.

మేము చేసిన తప్పు ఒకటి

కొన్నేళ్ళ కిందట మా బడిలో లెక్కల్లో చురుకైన అబ్బాయి ఒకడుండేవాడు. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలని మా దగ్గరికే వచ్చాడు. "ఇంటి పరిస్థితి చూసుకో, కామర్స్ అయితే ట్యూషన్ ఖర్చు ఉండదు, ఉద్యోగం త్వరగా వస్తుంది" అని చెప్పాము. మంచి ఉద్దేశంతోనే చెప్పాము. డిగ్రీ చివరి ఏడాదిలో వాడు వైమానిక దళంలో పైలట్ ఉద్యోగానికి ప్రకటన చూసి ఉత్సాహంగా వచ్చాడు. అర్హతల్లో పన్నెండో తరగతిలో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలని ఉంది. వాడికి రెండూ లేవు. ఇప్పుడు దొడ్డబళ్ళాపురంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మమ్మల్ని ఏమీ అనలేదు. సంతలో కనిపిస్తే ఇప్పటికీ నమస్కారం పెడతాడు. ఆ నమస్కారమే మాకు బరువు.

అందుకే అన్నిటికంటే ముందు చెప్పే మాట ఇది. పి.యు.సి.లో ఫిజిక్స్, మ్యాథ్స్ వదలవద్దు. కామర్సో ఆర్ట్సో చదివేసినవారు జాతీయ సార్వత్రిక విద్యాలయం (ఎన్.ఐ.ఓ.ఎస్.) ద్వారా ఆ రెండు సబ్జెక్టులు తర్వాత రాసుకోవచ్చు. ఈ సంగతి ఆ రోజు మాకు తెలిసుంటే వాడికి చెప్పేవాళ్ళం.

వయసుల వారీగా దారులు

పది నుంచి పన్నెండేళ్ళ లోపు: సైనిక్ పాఠశాల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష. తెలుగు మాధ్యమం తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన విషయం, ఈ ఆరో తరగతి పరీక్షను తెలుగులోనూ కన్నడలోనూ రాయవచ్చు. తొమ్మిదో తరగతి ప్రవేశానికైతే ఇంగ్లీషే. అంటే మన పిల్లలకు భాష అడ్డురాని అవకాశం ఐదో తరగతిలో ఒక్కసారే వస్తుంది. ఇప్పుడు ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు. కర్ణాటకలో బిజాపురం, కొడగు; ఆంధ్రలో కోరుకొండ, కలికిరి ఉన్నాయి. కలికిరి మనకు దగ్గరే అయినా సీట్లలో ఎక్కువ భాగం ఆ రాష్ట్రం పిల్లలకే; మనం కర్ణాటక వాళ్ళం కనుక బిజాపురం, కొడగులనే ముందు చూసుకోవాలి. అక్కడా ఫీజు ఉంటుంది. ఆదాయాన్నిబట్టి స్కాలర్‌షిప్పులు ఉంటాయి. ఎయిర్ డెక్కన్ స్థాపించిన కెప్టెన్ గోపీనాథ్ హాసన్ జిల్లా గొరూరులో బడిపంతులు కొడుకు. కన్నడ మాధ్యమంలో చదివి బిజాపురం సైనిక్ పాఠశాలకు వెళ్ళినవాడే.

పదమూడేళ్ళ నుంచి: ఎన్.సి.సి. బడిలో జూనియర్ విభాగం, కళాశాలలో సీనియర్ విభాగం. కళాశాల స్థాయిలో వైమానిక విభాగంలో చేరిన కేడెట్లకు మైక్రోలైట్ అనే చిన్న విమానంలో బోధకుడి పక్కన కూర్చుని ఎగిరే అవకాశం ఇస్తారు. దానికి గంటల లెక్కన రుసుము కట్టక్కరలేదు. అన్ని కళాశాలల్లో వైమానిక విభాగం ఉండదు. ఎక్కువచోట్ల సైనిక విభాగమే. కాబట్టి డిగ్రీలో చేరేముందే ఆ ప్రశ్న అడగాలి. అక్కడ 'సి' సర్టిఫికెట్ తెచ్చుకుంటే వైమానిక దళంలో ప్రవేశానికి ప్రత్యేక దారి ఉంది.

పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర లోపు: ఎన్.డి.ఎ. యు.పి.ఎస్.సి. ఏడాదికి రెండుసార్లు జరిపే పరీక్ష. దరఖాస్తు రుసుము వంద రూపాయలు. ఆడపిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి అదీ లేదు. వైమానిక దళానికి ఎంపికైతే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు, తర్వాత హైదరాబాదు పక్కన దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో విమాన శిక్షణ. ఖర్చు ప్రభుత్వానిది. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశం తర్వాత ఆడపిల్లలకూ తలుపు తెరుచుకుంది. 2022లో మొదటి జట్టు చేరింది, 2025 మే నెలలో శిక్షణ ముగించుకుని బయటికి వచ్చింది. అయితే ఈ పరీక్ష ఇంగ్లీషు, హిందీల్లోనే. పైలట్‌గా తీసుకునేముందు జరిపే యంత్ర పరీక్షను జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. తేలిగ్గా తీసుకుని "ఒకసారి చూసొద్దాం" అని వెళ్ళే పరీక్ష కాదది. డిగ్రీ అయ్యాక అఫ్‌క్యాట్ అనే మరో పరీక్ష ఉంది. ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ వారికి.

పదహారేళ్ళ నుంచి, పౌర విమానయానంలో: పదో తరగతి పాసైతే స్టూడెంట్ పైలట్ లైసెన్సు తీసుకోవచ్చు. పదిహేడేళ్ళకు, 40 గంటలతో, ప్రైవేట్ పైలట్ లైసెన్సు. అది సరదాకే, దానితో జీతం రాదు. పద్దెనిమిదేళ్ళకు, 200 గంటలతో, సి.పి.ఎల్.

మన రైలు దారిలోనే జక్కూరు

గౌరిబిదనూరులో రైలెక్కి యలహంకలో దిగితే జక్కూరు విమాన మైదానం దగ్గర్లోనే. అక్కడిది కర్ణాటక ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల. 1949లో అక్కడ శిక్షణ పూర్తిచేసుకున్న మొదటి విద్యార్థి ఒక మహిళ, ఉషా సుందరం. రెండేళ్ళ తర్వాత భర్తతో కలిసి లండన్ నుంచి బొంబాయికి 27 గంటల్లో విమానం నడిపి తెచ్చింది. మా తొమ్మిదో తరగతికి ఈ సంగతి చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు.

కేంద్ర ప్రభుత్వానిది ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉంది. ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటారు. ఏ పాఠశాలకు వెళ్ళినా అడగవలసిన ప్రశ్నలు ఇవి. డీజీసీఏ ఆమోదించిన శిక్షణ సంస్థల జాబితాలో పేరుందా? ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఎంతమంది విద్యార్థులకు? పోయిన ఏడాది చేరినవాళ్ళు ఎన్ని గంటలు పూర్తిచేశారు? విమానాలు తక్కువై, వానలు ఎక్కువై గంటలు సాగకపోతే ఏడాదిన్నర చదువు మూడేళ్ళు అవుతుంది. ఆ అదనపు ఏళ్ళ హాస్టలు ఖర్చు ఏ కరపత్రంలోనూ రాయరు. డబ్బు మొత్తం ఒకేసారి కట్టమంటే ఆగండి. ఎగిరిన గంటలకు తగ్గట్టు విడతలుగా కట్టే ఏర్పాటు అడగండి, కాగితం మీద రాయించుకోండి.

ఇది ఊరికే చెప్పడం లేదు. మాకు తెలిసిన ఒక కుటుంబం "పైలట్ కోర్సు" అన్న బోర్డు చూసి అడ్వాన్సు కట్టింది. క్లాసులు మొదలయ్యాక తెలిసింది, అక్కడ నేర్పేది విమానాశ్రయంలో టికెట్ కౌంటరు పని అని. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆ పనీ గౌరవమైనదే. కానీ ఒకటి చూపించి ఇంకొకటి అమ్మడం మోసం.

మైనారిటీ అన్న మాటతో వచ్చే చిక్కు

ఈ పేజీ చదివే తల్లిదండ్రులు చాలామంది మమ్మల్ని అడిగేది ఇది: "మాది మైనారిటీ బడి కదా, మైనారిటీ స్కాలర్‌షిప్ వస్తుంది కదా?" రాదు. మనం భాషా అల్పసంఖ్యాకులం. మైనారిటీ అభివృద్ధి నిగమాలు, వాటి విద్యారుణాలు మతపరమైన అల్పసంఖ్యాకులుగా ప్రకటించిన ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ కుటుంబాలకు. మన తెలుగు బడుల్లో చదివే ఆ కుటుంబాల పిల్లలు తప్పకుండా అడగాలి. మిగిలినవారు ఆ కిటికీ దగ్గర నిలబడి రోజులు పోగొట్టుకోవద్దు.

షెడ్యూల్డ్ కులాల పిల్లలకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో సి.పి.ఎల్. శిక్షణ కూడా చేరి ఉంది. ఈ సంగతి చాలా ఇళ్ళకు తెలియదు. కర్ణాటకలో దరఖాస్తు రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా. తాలూకా సాంఘిక సంక్షేమ కార్యాలయంలో "పైలట్ శిక్షణకు" అని స్పష్టంగా అడగండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేసుకోండి.

తర్వాతది బ్యాంకు. డీజీసీఏ ఆమోదమున్న పైలట్ శిక్షణకు బ్యాంకులు విద్యారుణం ఇస్తాయి. సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతాయి. తాకట్టు అంటే మన దగ్గర భూమే. పదో తరగతి పిల్లలతో చక్రవడ్డీ లెక్క చేయించాము. 40 లక్షల అప్పు, వడ్డీ పది శాతం, పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 53 వేలు. మొత్తం కట్టేది 63 లక్షలు దాటుతుంది. లైసెన్సు వచ్చిన మర్నాడే ఉద్యోగం వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. అందుకే ఖర్చులేని దారులన్నీ తట్టి చూశాకే చేను కాగితం బయటికి తీయాలని మేము గట్టిగా చెబుతున్నాము.

ఒక బేకరీ పనివాడి కూతురు

హైదరాబాదు పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా తండ్రి బేకరీలో పనిచేసేవాడు. ఎంసెట్ శిక్షణ తరగతుల్లో ఏం కావాలనుకుంటున్నావని అడిగితే పైలట్ అని చెప్పింది. ఆ మాట విని సియాసత్ ఉర్దూ దినపత్రిక సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ సహాయానికి ముందుకొచ్చారు. 2007లో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరింది. 2013లో కమర్షియల్ లైసెన్సు చేతికి వచ్చింది. అక్కడితో అయిపోలేదు. ఆ పై శిక్షణకు మళ్ళీ లక్షలు కావలసివచ్చి ఆగింది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం ముప్పై లక్షలకు పైగా మంజూరు చేయడంతో విదేశాల్లో ఆ శిక్షణ పూర్తిచేసి ఎయిర్‌లైన్సులో చేరింది.

ఈ కథలో మూడు సంగతులు గమనించాము. ఒకటి, ఆమె అడిగినప్పుడు నవ్వకుండా విన్న మనిషి ఒకరున్నారు. రెండు, డబ్బు ఒకచోటి నుంచి, ఒకేసారి రాలేదు. మూడు, చేరిన రోజు నుంచి లైసెన్సుకు ఆరేళ్ళు పట్టింది. ఆ మూడోది తల్లిదండ్రులు బాగా ఆలోచించుకోవాలి.

ఇంగ్లీషు మాటేమిటి?

"పైలట్ కావాలంటే ఇంగ్లీషు మీడియంలో వేయాలి కదా, టి.సి. ఇచ్చేయండి సార్" అన్న తండ్రులూ ఉన్నారు. జవాబు నిజాయితీగా చెప్పాలి. ఆకాశంలో రేడియోలో మాట్లాడేది ఇంగ్లీషే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆరు మెట్ల కొలమానంలో కనీసం నాలుగో మెట్టు ఇంగ్లీషు అడుగుతుంది. కానీ పైలట్ పరీక్షల్లో అడిగేది వాతావరణం, దిక్కులు, వేగం, గాలి పీడనం. రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ అన్నది గాలిపటం ఎగరేసిన పిల్లకు తెలుగులో చెబితే ఒక్కసారికే ఎక్కుతుంది. అర్థమైనదాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడానికి నాలుగేళ్ళు చాలు. అర్థం కానిదాన్ని ఇంగ్లీషులో బట్టీపట్టి ఏ విమానమూ నడపలేము. ఇంగ్లీషు నేర్పే బాధ్యత మాది. వారంలో రెండు రోజులు చివరి పీరియడ్ ఇంగ్లీషులో మాట్లాడించడానికే పెట్టాము.

మన తాలూకా హోసూరులో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు 1935లో బస్సు ఛార్జీకి డబ్బులేక బెంగుళూరుకు రెండు రోజులు నడిచి వెళ్ళి నేషనల్ హైస్కూల్లో చేరారు. ఆ పిల్లవాడే ఫిజిక్సులో డాక్టరేటు చేసి బెంగుళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. గౌరిబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కళాశాలలు వచ్చింది ఆయన పట్టుదలతోనే. మన పిల్లలు ఫిజిక్స్ చదవడానికి ఇప్పుడు ఎవరూ బెంగుళూరుకు నడవనక్కరలేదు.

ఇప్పుడు చేయగలిగినవి

మొదట కళ్ళు, చెవులు, రంగులు గుర్తించే శక్తి చూపించండి. పౌర పైలట్లకు కళ్ళద్దాలు ఉన్నా ఫరవాలేదు, దిద్దుబాటుతో సరిగా కనిపించాలి. వైమానిక దళంలో నియమాలు ఇంకా కఠినం. రంగుల విషయంలో లోపం ఉంటే ఆ సంగతి లక్షలు కట్టకముందే తెలియడం మంచిది. ఆ తర్వాత డీజీసీఏ అధికృత వైద్యుని దగ్గర రెండో తరగతి వైద్య పరీక్ష. కమర్షియల్‌కు కావలసిన ఒకటో తరగతి పరీక్షకు మన బెంగుళూరులోనే వైమానిక వైద్య సంస్థ ఉంది.

ఎగరడం మీద ఇష్టముండి అంత దూరం పోలేని వారికి డ్రోన్ దారి ఉంది. పదో తరగతి పాసై పద్దెనిమిదేళ్ళు నిండితే ఆమోదం పొందిన చోట కొద్దిరోజుల శిక్షణతో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది. చేలకు మందు కొట్టే డ్రోన్లకు మన వైపు పని ఉంది.

మా బడిలో ఈ వయసుల పట్టికను చార్టు మీద రాసి నోటీసు బోర్డు పక్కన అతికించాము. ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలిచి సైనిక్ పరీక్ష గురించి చెప్పాము. ఇప్పటికి నలుగురు సరేనన్నారు. మీ బడిలోనూ చేయవచ్చు, ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్ను ఖర్చు.

ఆ అమ్మాయికి సైనిక్ వయసు దాటిపోయింది. ఎన్.డి.ఎ.కు రెండేళ్ళకు పైగా వ్యవధి ఉంది. తండ్రిని బడికి పిలిపించి లెక్కలన్నీ చెప్పాము, అరకోటి దగ్గర్నుంచి వంద రూపాయల దాకా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆడపిల్లకి ఆ వంద గూడా లేదంటిరి కదా సార్" అన్నాడు చివరికి. తర్వాత లేచి, "దుడ్డు సంగతి ఆనక చూస్తాం. శనివారం నాడు ఆసుపత్రికి తోడుకొనిపోయి కండ్లు చూపిచ్చుకొని వస్తా" అన్నాడు.

చూపించుకొచ్చాడు. చీటీ మా దగ్గరే ఉంది. రెండు కళ్ళూ ఆరు బై ఆరు.